1600 మీటర్ల ఉరుకుడు వేరు, 42 కిలోమీటర్ల ఉరుకుడు వేరు

నల్గొండ ఎన్జీ కాలేజీ గ్రౌండ్ కానీ మహబూబ్‌నగర్ స్టేడియం గ్రౌండ్ కానీ, పొద్దుగాల ఐదింటికి పోతే సీన్ ఒకటే ఉంటది. ఇంకా సరిగ్గ తెల్లారదు, మనుషుల కంటే ముందు మట్టి మీద షూ చప్పుడు వినిపిస్తది, పదిహేను ఇరవై మంది పోరగాళ్లు గుంపుగ ఉరుకుతుంటరు, ఒకడు గీత దగ్గర ఫోన్ల టైం చూసుకుంట "ఏడు పది... ఏడు పన్నెండు..." అని ఒర్రుతుంటడు, గీత దాటినోడు దాటినట్టే మోకాళ్ల మీద చేతులు పెట్టి వంగిపోతడు. వీళ్లంత కానిస్టేబుల్, ఎస్సై ఉద్యోగాల ఈవెంట్స్‌కి, అంటే ఉరుకుడు లాంటి ఒంటి పరీక్షలకు తయారయ్యేటోళ్లు. 2022 నోటిఫికేషన్ల మగపిల్లలకు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకండ్లు, ఆడపిల్లలకు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకండ్లు అని పెట్టిండ్రు, అప్పట్నుంచి మన జిల్లాల్ల ఉరుకుడు అంటే ఆ లెక్కే మనసుల పడిపోయింది. ఊరోళ్లు కూడా "ఎన్ని నిమిషాలల్ల కొడుతున్నవ్ రా" అనే అడుగుతరు, ఎంత దూరం ఉరుకుతున్నవ్ అని అడిగేటోళ్లు తక్కువ.

ఇప్పుడు ఈ గ్రౌండ్ల నుంచే కొందరు మారథాన్ దిక్కు పోతున్నరు. ఉద్యోగం వచ్చినోళ్లు, రానోళ్లు, టీచర్లు, బ్యాంకోళ్లు, నలభై దాటినంక షుగర్ వచ్చిందని డాక్టర్ చెప్తే నడక మొదలుపెట్టి మెల్లగ ఉరుకుడు దాకా వచ్చినోళ్లు. ఊళ్లె 2కే రన్ అయింది, హైదరాబాద్ పోయి 10కే అయింది, హాఫ్ అంటే 21 కిలోమీటర్లది అయింది, ఇగ ఫుల్ మారథాన్ కొడదాం అనుకుంటరు. అక్కడ చానామంది దెబ్బ తినేది కాళ్ల బలం లేక కాదు, 1600 మీటర్ల అలవాటుతోనే 42 కిలోమీటర్లకు దిగడం వల్ల. నల్గొండ నుంచి మిర్యాలగూడ అటూ ఇటూగా 40 కిలోమీటర్లు, బస్సుల పోయినా ఒక కునుకు తీసేంత దూరం, దాన్ని ఈవెంట్స్ లెక్కల ఉరికితే శరీరం ఒప్పుకోదు. ఎందుకు ఒప్పుకోదో తెలిస్తే సగం సమస్య పోతది.

7 నిమిషాల 15 సెకండ్లల 1600 అంటే కిలోమీటర్‌కి 4 నిమిషాల 32 సెకండ్లు. అదే స్పీడ్ చివరిదాకా పట్టుకుంటే మారథాన్ 3 గంటల 11 నిమిషాలల్ల అయిపోవాలె. కెన్యా రన్నర్ కెల్విన్ కిప్టమ్ 2023 అక్టోబర్ల షికాగోల 2 గంటల 35 సెకండ్లల ఉరికి అప్పటి ప్రపంచ రికార్డు కొట్టిండు, మన శివనాథ్ సింగ్ 1978ల జలంధర్‌ల 2 గంటల 12 నిమిషాలల్ల ఉరికిండు, ఆ భారత రికార్డు నాలుగు దశాబ్దాలు దాటినా నిలబడే ఉండె. వాళ్ల సంగతి వేరు, ఉరుకుడే వాళ్ల బతుకు. పొద్దుగాల గంట ఉరికి, తానం చేసి, డ్యూటీకి పోయే మనిషికి నాలుగున్నర గంటల నుంచి ఆరు గంటల దాకా ఎంత పట్టినా అది మంచి మారథానే. ఐదు గంటలు అంటే కిలోమీటర్‌కి 7 నిమిషాల 6 సెకండ్లు, చూసేటోళ్లకు అది ఉరుకుడు లెక్కనే అనిపించదు.

శరీరంల ఉరుకుడుకు శక్తినిచ్చే సామాను రెండు రకాలు ఉంటది. ఒకటి గ్లైకోజెన్, అంటే తిన్న అన్నం రొట్టెలు చక్కెరయి కండరాలల్ల, లివర్‌ల దాచుకున్నది, రెండోది కొవ్వు. మన దిక్కు రైతు ఇంటిని యాదికి తెచ్చుకుంటే ఇది తొందరగ అర్థమైతది. గుమ్మి నిండ వడ్లుంటయి, డబ్బల బియ్యం మాత్రం ఒక వారానికి సరిపడనే ఉంటయి. ఆకలైనప్పుడు పొయ్యి మీదికి ఎక్కేది బియ్యమే, వడ్లు ఎన్నున్నా మిల్లుకు పోయి రావాలె. కొవ్వు వడ్ల లెక్క, గ్లైకోజెన్ బియ్యం లెక్క. 65 కిలోల మనిషి కిలోమీటర్ ఉరికితే దగ్గర దగ్గర 65 కేలరీలు ఖర్చయితయి, అంటే మారథాన్‌కి సుమారు 2,740. గ్లైకోజెన్ మొత్తం ఊడ్చినా 500 గ్రాములు, 2,000 కేలరీలకు మించదు. కొవ్వుకి కొదవ లేదు, కిలో కొవ్వుల 7,700 కేలరీల దాకా ఉంటయి, ఎంత బక్కగున్న మనిషిలనైనా నాలుగైదు కిలోలు ఉంటది, లెక్కకైతే అది పది మారథాన్లకు పైనే సరిపోతది. కానీ ఆ మిల్లు మెల్లగ ఆడుతది, పైగా దానికి ఆక్సిజన్ ఎక్కువ కావాలె. స్పీడ్ పెంచిన కొద్దీ శరీరం మిల్లు దిక్కు చూడకుండ డబ్బల చెయ్యి పెడుతది.

1600 మీటర్లకు ఇదంత అక్కర్లేదు, ఏడు నిమిషాల పనికి డబ్బల బియ్యం గుప్పెడు తగ్గుతయి అంతే, అందుకే ఆ ట్రైనింగ్‌ల పొదుపు అనే మాటే ఉండదు. మారథాన్‌ల మొత్తం ఆట పొదుపు మీదనే. మొదటి పది కిలోమీటర్లల్ల స్పీడ్‌గ పోయి డబ్బ తొందరగ ఊడ్చుకున్నోడికి 30, 32 కిలోమీటర్ల కాడ గోడ గుద్దుకున్నట్టు అయితది, రన్నర్లు దాన్ని వాల్ అనే అంటరు. అది మామూలు అలసట కాదు. తొడలు బండలైనట్టు ఉంటయి, చిన్న గడ్డ మీద కూడా కాలు లేవదు, ఇంకెన్ని కిలోమీటర్లున్నయి అని చిన్న తీసివేత లెక్క చేద్దామన్నా తెగదు, ఎందుకంటే మెదడు కూడా ఆ చక్కెర మీదనే బతుకుతది, రక్తంల అది తగ్గితే ముందు బుర్ర మసకబారుతది.

ఒక లెక్క చూద్దాం. గ్రౌండ్ల బాగా ఉరికే పిల్లగాడు కిలోమీటర్‌కి ఐదున్నర నిమిషాల లెక్కన మొదలుపెట్టిండు అనుకుందాం, 1600కి పోల్చుకుంటే అది వాడికి ఆట లెక్క. సగం దూరం 1 గంట 56 నిమిషాలల్ల దాటుతడు, మంచి జోరు మీదుంటడు. తర్వాత వాల్ తగులుతది, నడిచి ఉరికి నడిచి రెండో సగం 3 గంటలు పడుతది, మొత్తం 4 గంటల 56 నిమిషాలు. ఆయన పక్కనే యాభై ఏండ్ల సారు ఒకాయన మొదటి కిలోమీటర్ నుంచి చివరిదాకా 7 నిమిషాలకు ఒక కిలోమీటర్ లెక్కన పోయిండు, ఆయనకు 4 గంటల 55 నిమిషాలు. ఒక్క నిమిషం తేడాల ఇద్దరూ అక్కడికే చేరిండ్రు, కానీ గీతకు కాస్త ముందు సారు పిల్లగాడిని దాటిపోయేటప్పుడు ఇద్దరి మొహాలు చూస్తే తెలుస్తది ఎవరికి ఏం ఖర్చయిందో.

అందుకే ట్రైనింగ్‌ల ముప్పావు వంతు మెల్లగనే ఉరకాలె. ఎంత మెల్లగ అంటే, పక్కోడితో ఆగకుండ మాట్లాడుకుంట పోగలగాలె, మాటకు మాటకు మధ్య ఊపిరి అందకుంటే స్పీడ్ ఎక్కువైనట్టు. ఇట్ల నెలల తరబడి ఉరికితే కండరాలల్ల సన్న రక్తనాళాలు పెరుగుతయి, శక్తి తయారు చేసే మైటోకాండ్రియా పెరుగుతది, గుండె ఒక్క కొట్టుకు ఎక్కువ రక్తం పంపుతది, అంటే ఆ మిల్లు కెపాసిటీయే పెరుగుతది. ఇది తొందరపడితే వచ్చేది కాదు. మన దిక్కు కష్టం ఇది చెయ్యలేక కాదు, సిగ్గుకు చెయ్యరు. మెల్లగ ఉరికితే పిల్లలు నవ్వుతరని, గ్రౌండ్ల రౌండ్ మీద రౌండ్ దాటేసి పోతరని. ఊరి రోడ్డు మీదైతే పాల క్యాన్లతోటి పోయే పెద్దమనిషి ఆగి "ఏం బిడ్డా, ఎవలన్న తరుముతున్నరా, ఇంత పొద్దుగాల ఎటు ఉరుకుతున్నవ్" అంటడు. నిజానికి ఓపికతోటి దూరం పోవుడు మన దిక్కోళ్లకు కొత్త ముచ్చట కాదు. శివరాత్రికి నల్లమల దాటి నడిచి శ్రీశైలం పోయేటోళ్లు ఇంటికొకరు ఉన్న ఊళ్లున్నయి, వాళ్లెవ్వరు మొదటి రోజు ఉరకరు, ఎవరినీ దాటాలని చూడరు, కాలు ఎంత పడితే అంత పోతరు. మారథాన్‌కి కావాల్సిన గుణం ఆ నడకల ఉన్నంత 1600ల లేదు.

క్యాలెండర్ దగ్గరికి వస్తే మనకు అసలు చిక్కు వస్తది. హైదరాబాద్ మారథాన్ ఆగస్టు ఆఖరి వారాలల్ల ఉంటది, నెక్లెస్ రోడ్డు పీపుల్స్ ప్లాజా కాడ మొదలై గచ్చిబౌలి దాకా. మొదటిసారి ఉరికేటోళ్లకు 16 నుంచి 18 వారాల ప్రిపరేషన్ కావాలె, అంటే ఏప్రిల్ ఆఖర్ల మొదలుపెట్టాలె. చల్లటి దేశాలల్ల తయారైన ప్లాన్లు ఫోన్ల దొరుకుతయి కానీ అవి మన భరణి కార్తెను, రోహిణి కార్తెను చూసినవి కావు. నల్గొండల, పాలమూరుల ఎండ 42, 43 డిగ్రీలు దాటే రోజులవి, రోహిణిల రోళ్లు పగులుతయని ఊకెనే అనలేదు. ప్లాన్ల రాసిన కిలోమీటర్ల కంటే కార్తెను చూసుకొని పోతే మనిషి బతుకుతడు. భరణి, కృత్తిక, రోహిణి నెలా పది రోజులు దూరం పెంచే ఆశ పెట్టుకోవద్దు, నాలుగున్నరకే లేచి ఆరున్నర లోపల ఇంట్ల ఉండాలె, 40, 50 నిమిషాలు మెల్లగ ఉరికితే చాలు. వేడిల ఉరుకుడు కూడా వృథా కాదు, పది పదిహేను రోజులు ఓపికగ అలవాటు చేసుకుంటే రక్తంల నీటి భాగం పెరుగుతది, చెమట తొందరగ మొదలయితది, చెమటల ఉప్పు తగ్గుతది. మిర్గం (మృగశిర కార్తె) దాటి తొలకరి పడ్డంక అదే శరీరం కొత్తదైనట్టు తేలికగ కదులుతది. లాంగ్ రన్లు అప్పుడు పెంచాలె, ఆరుద్రల 18, 20, పునర్వసు పుష్యమిల 24 నుంచి 30, 32 దాకా, వారానికి ఒక్కసారే, మూడు వారాలు పెంచినంక ఒక వారం తగ్గించుకుంట. ఆశ్లేష నుంచి తగ్గించుడే, మఖల రేసు. నాట్లు పడే దినాలు కూడా అవే, వ్యవసాయం ఉన్న ఇంట్ల మనిషికి పొద్దటి పూట మూడు గంటలు ఖాళీ దొరకదు, అట్లాంటోళ్లు ఆగస్టు రేసు వదిలేసి చలికాలం రేసు పట్టుకునుడే న్యాయం.

ఇంకో తిరకాసు ఉంది, మే నెలల ఉండేది పొడి వేడి, ఆగస్టు పొద్దుగాల ఉండేది ఉబ్బ. ఇంట్ల రంజన్‌ని చూస్తే ఈ సంగతి తెలుస్తది. ఎండకాలం రంజన్ల నీళ్లు సల్లగుంటయి, వానకాలం అదే రంజన్ల నీళ్లు మామూలుగనే ఉంటయి, ఎందుకంటే కుండ చెమ్మ గాలికి ఆరితేనే చలువ, గాలిల తేమ నిండి ఉంటే ఆరదు. మన ఒళ్లు కూడా రంజనే. లీటర్ చెమట పూర్తిగ ఆరితే 580 కేలరీల దాకా వేడి ఎత్తుకపోతది, ఆరకుండ కారిపోతే ఏం ఎత్తుకపోదు. మే నెలల ఉరికొచ్చినంక బనీను మీద చెమట కనపడదు, నల్ల టీషర్టు వీపు మీద తెల్లగ ఉప్పు చారలు మాత్రం మ్యాపు గీసినట్టు ఉంటయి. ఆగస్టుల బట్టలు పిండితే నీళ్లు కారుతయి, అయినా లోపల వేడి తగ్గదు, 24 డిగ్రీలే కదా అని చూసుకుంటే గుండె మాత్రం 30 డిగ్రీల పని చేస్తుంటది. అందుకే జూలైల తేమ ఉన్న పొద్దుగాల కనీసం మూడు నాలుగు లాంగ్ రన్లు అయినా చేసి చూసుకోవాలె, రేసు స్పీడ్ అప్పుడు తేల్చుకోవాలె.

నీళ్ల విషయంల రెండు తప్పులు జరుగుతయి, తాగకపోవుడు ఒకటి, అతిగ తాగుడు ఇంకోటి. రెండోదాని గురించి మన దగ్గర ఎవరూ చెప్పరు. 2002 బోస్టన్ మారథాన్‌ల 488 మంది రన్నర్ల రక్తం పరీక్ష చేస్తే 13 శాతం మందికి సోడియం తక్కువ ఉండె, ఎక్కువ తాగి రేసుల బరువు పెరిగినోళ్లకు, నాలుగు గంటలు దాటినోళ్లకు ఆ ముప్పు ఎక్కువ అని తేలింది. అంటే మెల్లగ పోయే అమెచ్యూర్లకే. ప్రతి స్టాల్ కాడ ఉత్త నీళ్లు గటగటా తాగితే రక్తంల ఉప్పు పలచబడి తలనొప్పి, వాంతులు, చివరికి ఫిట్స్ దాకా పోవచ్చు. లెక్క సింపుల్, ఉరికే ముందు ఒకసారి, గంట ఉరికొచ్చి ఒళ్లు తుడుచుకొని ఒకసారి కాటా మీద నిలబడాలె, కిలో తగ్గితే లీటర్ చెమట పోయినట్టు, దాంట్ల కొంత తక్కువే తాగాలె కానీ బరువు పెరిగేటట్టు మాత్రం తాగొద్దు. నకిరేకల్ నిమ్మకాయలు ఉన్న జిల్లాల స్పోర్ట్స్ డ్రింక్ లేదని బాధపడే పని లేదు, ఓఆర్ఎస్ ప్యాకెట్ రాసినట్టు లీటర్ నీళ్లల్ల కలుపుకున్నా, నిమ్మరసం ఉప్పు చక్కెర కలుపుకున్నా పని జరుగుతది. మర్రిగూడ, మునుగోడు దిక్కోళ్లు మాత్రం ఇంకొకటి చూసుకోవాలె. ఉరికేటోళ్లు రోజుకు నాలుగైదు లీటర్లు తాగుతరు, నీళ్లల్ల ఫ్లోరైడ్ లీటర్‌కి 1.5 మిల్లీగ్రాములు దాటితే ఎంత తాగితే అంత ఎముకలకు చేరుతది, అందుకే బోరు నీళ్లు ముట్టకుండ నల్లాల వచ్చే కృష్ణా నీళ్లే పట్టుకోవాలె. ఆ ఊళ్లల్ల ఎముకలు వంగినోళ్లను చూసి పెరిగిన పిల్లలకు ఇది వేరే చెప్పాల్సిన పని లేదు.

తిండికి కొత్త సామానేం అక్కర్లేదు. మామూలు రోజులు జొన్న రొట్టె, పప్పు, గుడ్డు, పల్లీలు, పాలు పెరుగు చాలు. లాంగ్ రన్ ముందు రోజు రాత్రి, రేసు ముందు రెండు రోజులు మాత్రం జొన్న రొట్టె పక్కన పెట్టి తెల్లన్నం తినాలె, పీచు తక్కువుంటది, కడుపుల తిప్పదు, డబ్బ నిండుతది. దమ్ బిర్యానీ ముందు రోజు రాత్రి వద్దు, నూనె మసాలా పొద్దుగాల ఏం చేస్తదో మధ్యలో తెలుస్తది. ఉరుకుతున్నప్పుడు గంటకు 30 నుంచి 60 గ్రాముల చక్కెర పదార్థం పడాలె, ఒక మోస్తరు అరటిపండుల పాతిక గ్రాముల దాకా ఉంటది, ఖర్జూరం, బెల్లం పల్లీపట్టి ముక్కలు కూడా పనికొస్తయి, పల్లీలు మాత్రం ఉరుకుతుంటే నమలడం కష్టం. వాల్ తగిలినంక తింటే లాభం తక్కువ, 45 నిమిషాలకే మొదలుపెట్టాలె.

గుండె, ఊపిరి రెండు నెలలకే గట్టిపడుతయి, ఎముకలకు, కండరాన్ని ఎముకకు కట్టే స్నాయువులకు అంతకంటే ఎక్కువ కాలం పడుతది. పిక్క ముందు ఎముక నొప్పి, మోకాలు బయటి పక్క నొప్పి, పొద్దుగాల మంచం దిగంగనే మడమల గుచ్చుకుంటున్నట్టు నొప్పి, ఇవన్నీ ఊపిరి "ఇంకా పోదాం" అంటుంటే కాళ్లు "ఆగు" అనే కాలంల వచ్చేవే. ఈవెంట్స్ పోరగాళ్లకు నొప్పిని లెక్కచెయ్యకపోవుడే మగతనం అని నేర్పుతరు, ఆ నేర్పు ఇక్కడ నష్టం. నడకల కుంటు వస్తే ఉరుకుడు ఆపాలె, అంతే, ఛాతీ పట్టేసినట్టయితే ఆ రోజే డాక్టర్ దగ్గరికి పోవాలె. షూ అర సైజు పెద్దది తీసుకోవాలె, మూడు గంటలు దాటినంక పాదం ఉబ్బుతది, ఇరుకు షూల బొటనవేలి గోరు నల్లబడి నెల తర్వాత ఊడిపోతది. రోడ్డు బదులు పానగల్ ఉదయసముద్రం కట్ట, సాగర్ ఎడమ కాల్వ కట్ట లాంటి మట్టి బాటలు దొరికినోళ్లు అదృష్టవంతులు. హైవే మీద ఉరకాల్సి వస్తే వచ్చే బండ్లు కనపడేటట్టు కుడి పక్కన పోవాలె. హైదరాబాద్ రేసుల ఫ్లైఓవర్లే ఏడిపిస్తయి కాబట్టి పది రోజులకు ఒకసారి మన్యంకొండ గుట్ట రోడ్డు కానీ చెర్వుగట్టు గుట్ట కానీ ఎక్కి దిగితే ఆ రోజు తొడలకు భయముండదు.

ఆడవాళ్లకు అడ్డం శరీరం కాదు. ఒలింపిక్స్‌లనే ఆడవాళ్ల మారథాన్ 1984ల గాని పెట్టలేదు, అంతకు ముందు ఇంత దూరం వాళ్లు తట్టుకోలేరని అనేటోళ్లు, ఆ మాట ఎంత తప్పో అప్పట్నుంచి ప్రతి రేసు చెప్తున్నది. మన ఊళ్లల్ల అసలు అడ్డం నాలుగున్నర చీకటి, కుక్కలు, బండ్ల మీద వెనకాల వచ్చే పోకిరీలు. అందుకని చానామంది స్టేడియం దాటి బయటికి రారు. 400 మీటర్ల ట్రాక్ మీద 30 కిలోమీటర్లు అంటే 75 రౌండ్లు, ఒకే దిక్కు తిరిగితే ఒక పక్క తుంటి పట్టేస్తది, పది రౌండ్లకు ఒకసారి దిక్కు మార్చుకుంట అట్లనే పూర్తి చేసేటోళ్ల ఓపిక ఈ మొత్తం ముచ్చటల అన్నిటికంటే పెద్దది. నలుగురు కలిసి పోయే గుంపు, కట్ట మీద రెండు లైట్లు, పొద్దటి పూట ఒక పోలీసు బండి తిరిగితే ఎంతమంది బయటికొస్తరో.

రేసు రోజు గురించి చెప్పాల్సింది తక్కువే. చీకట్ల మొదలయితది, డప్పులు, పాటలు, వేల మంది, ఒంట్ల మూడు వారాల రెస్ట్ నిండి ఉంటది, అందరూ ఉరుకుతుంటే కాళ్లు ఆగవు. అక్కడ కిలోమీటర్‌కి పదిహేను ఇరవై సెకండ్లు మెల్లగ పోగలిగినోడే సగం గెలిచినట్టు. సగం దాటేదాకా ఏం చెయ్యొద్దు, తినుడు, తాగుడు, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు అడుగులు చిన్నగ చేసుకునుడు, అంతే. 30 దాటినంక ఎండ వీపు మీద పడుతది, జనం పలచబడుతరు, పక్కన ఉరికేటోళ్లు మాటలు బంద్ చేస్తరు, షూ చప్పుడు, ఊపిరి చప్పుడు మాత్రమే మిగులుతయి. స్టాల్ కాడ తడి స్పాంజ్ మెడ మీద పిండుకుంటే ఆ నీళ్లు వెన్నులకు జారేంత సేపు ప్రాణం లేచొస్తది. నడవాల్సి వస్తే నడవాలె, కానీ ఆ కరెంటు స్తంభం దాకా ఉరుకుడు, ఈ స్తంభం దాకా నడుచుడు అని లెక్క పెట్టుకొని నడవాలె, లెక్క లేకుండ నడక మొదలుపెట్టినోళ్లు మళ్లీ ఉరికేది తక్కువ. పొదుపు చేసుకొని వచ్చినోళ్లకు ఇక్కడ ఒక చిత్రం జరుగుతది, వాళ్లు స్పీడ్ పెంచరు, అయినా వరుసగ మనుషులను దాటుకుంట పోతుంటరు.

గీత దాటినంక మెడల మెడల్ పడుతది, ఫొటోలు అయితయి, కూసుంటే మాత్రం లేవలేరు. వెంటనే పండుకోకుండ పది నిమిషాలు నడవాలె, గంట లోపల పెరుగన్నమో, బత్తాయి రసమో, గుడ్లో కడుపుల పడాలె. సాయంత్రం ఎంజీబీఎస్‌ల బస్సెక్కి నల్గొండ బస్టాండ్‌ల దిగేటప్పుడు రెండు చేతులతోటి రాడ్ పట్టుకొని పక్కకు తిరిగి ఒక్కొక్క మెట్టు దిగుతరు, ఎక్కుడు కంటే దిగుడే నరకం, ఎందుకంటే దిగేటప్పుడు తొడ కండరం సాగుతూ బరువు మోస్తది, చిరిగింది ఆ కండరమే. ఆ నొప్పి నాలుగైదు రోజులల్ల పోతది, లోపలి గాయం మానటానికి రెండు మూడు వారాలు పడుతది, అప్పటిదాకా నడక, సైకిల్ తప్ప వేరేది వద్దు. పుబ్బ కార్తె దాటినంక ఒక పొద్దుగాల మళ్లీ గ్రౌండ్‌కి పోతే, గీత దగ్గర ఫోన్ పట్టుకున్న పోరడు "సార్, మీరు ఎన్ని నిమిషాలల్ల కొట్టిండ్రు" అని అడుగుతడు, నాలుగు గంటల యాభై అయిదు అని చెప్తే ఫోన్ల టైం చూసుడు ఆపి మళ్లొకసారి అడుగుతడు.